పాత చిన్న లాప్‌టాప్‌ను నా అంతట నేనే బాగుచేసుకోవచ్చా?

ప్రశ్న: నమస్కారం సార్. నేను తెలుగు ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉంటాను. మా అన్నయ్య తన స్నేహితుడి దగ్గర థింక్‌ప్యాడ్ ఎక్స్230 కొని ఇచ్చాడు. 4 జీబీ ర్యామ్, 320 జీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. ఆన్ చేశాక పని మొదలుపెట్టడానికి అయిదు నిమిషాలు పడుతోంది. బ్యాటరీ ఇరవై నిమిషాలు కూడా రావడం లేదు. కాసేపటికే వేడెక్కి ఫ్యాను హోరుమంటుంది. వీడియోలు చూసి నేనే విప్పి 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, మంచి తెర, పాత మోడల్ ఏడు వరుసల కీబోర్డు, కొత్త వైఫై కార్డు వేసుకోవాలని ఉంది. నా దగ్గర ఏడు వేలు ఉన్నాయి. నాన్న మాత్రం దాన్ని అమ్మేసి, ఇంకొంత వేసుకుని వేరేది కొనమంటున్నారు. మూడు నెలల్లో ప్రాజెక్టు నివేదిక ఇవ్వాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: తప్పకుండా విప్పండి అమ్మా. మీ అన్నయ్య ఇచ్చింది విప్పి బిగించుకోవడానికి వీలుగా తయారుచేసిన యంత్రం. ఇప్పుడు వస్తున్న సన్నటి లాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, బ్యాటరీ లోపల ఉంటుంది. 2012 నాటి మీ ఎక్స్230లో ర్యామ్‌కు విడిగా మూత ఉంది, డిస్క్ పక్కనుంచి జారి బయటకు వస్తుంది, బ్యాటరీ గొళ్లెం తీస్తే చేతికి వస్తుంది. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి యంత్రం దొరకడం కష్టం.

అయితే మీరు రాసినవన్నీ ఒకే రకం పనులు కావు. స్క్రూ విప్పి, పాతది తీసి, కొత్తది పెట్టి, నచ్చకపోతే మళ్లీ పాతదే పెట్టుకోగలిగే పనులు కొన్ని. ఒకసారి చేస్తే వెనక్కి రాలేని పనులు కొన్ని: బోర్డు మీద టంకం పెట్టడం, లోపలి చిప్‌లలోనే ఉండే ప్రోగ్రామ్‌ను (ఫర్మ్‌వేర్) మార్చడం లాంటివి. మీకున్నది ఒక్కటే యంత్రం, మూడు నెలల్లో నివేదిక ఇవ్వాలి. అందుకని మొదటి రకం పనులు ధైర్యంగా చేయండి, రెండో రకం జోలికి ఇప్పుడు వెళ్లకండి. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

డబ్బు తీసే ముందు ఒక సాయంత్రం యంత్రాన్ని గమనించండి. విండోస్‌లో ఏ భాగం ఎంత పనిలో ఉందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకుని, రోజూ చేసే పనే చేయండి. బ్రౌజర్‌లో నాలుగైదు పేజీలు, ఒక వర్డ్ ఫైలు, ఒక పీడీఎఫ్. మందగించిన క్షణంలో డిస్క్ అంకె 100 శాతం దగ్గర ఆగిపోయి ఉందా, మెమరీ అంకె నిండిపోయిందా చూడండి. మీరు చెప్పిన అయిదు నిమిషాల ఎదురుచూపును బట్టి అసలు దోషి డిస్కేనని నా అనుమానం. హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరగాలి, దాని మీద సూది లాంటి చెయ్యి కదిలి చోటు వెతుక్కోవాలి. ఒక్కో వెతుకులాటకు పది మిల్లీసెకన్లకు అటూ ఇటూ పడుతుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు అలాంటి చిన్న చిన్న వెతుకులాటలు వేలల్లో ఉంటాయి. ఎస్‌ఎస్‌డీ అంటే హార్డ్ డిస్క్ బదులు వాడే చిప్‌ల డిస్క్; దానిలో కదిలే భాగమే లేదు కాబట్టి ఒక్కో వెతుకులాటకు పట్టే సమయం దాదాపు వందో వంతుకు తగ్గిపోతుంది. అందుకే ఏడు వేలల్లో మొదటి ఖర్చు దీనికే పెట్టండి. మిగతావన్నీ ఆగవచ్చు, ఇది ఆగకూడదు.

కొనేటప్పుడు దుకాణదారుకు మోడల్ పేరు చెప్పి ఊరుకోకండి. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ, మందం 7 మిల్లీమీటర్లు అని స్పష్టంగా అడగండి. ఈ లాప్‌టాప్‌లో డిస్క్ గది సన్నగా ఉంటుంది, పాతకాలపు 9.5 మిల్లీమీటర్ల డిస్క్ అందులో దూరదు. చూయింగ్ గమ్ పట్టీలా ఉండే ఎం.2 రకం చూపించి ఇదే కొత్తదంటారు, నిజమే, కానీ దాన్ని పెట్టే చోటు మీ బోర్డు మీద లేదు. లోపల ఎంసాటా అనే చిన్న రకానికి ఒక చోటు ఉంది గాని, దాని వేగం సెకనుకు 3 గిగాబిట్ల దగ్గర ఆగుతుంది. డిస్క్ గదిలో పెడితే 6 గిగాబిట్లు వస్తుంది. అందుకని మొదటి ఎస్‌ఎస్‌డీ పెద్ద గదిలోకే వెళ్లాలి. మార్చడం పది నిమిషాల పని. కుడి పక్కన చిన్న మూతకు ఒక్క స్క్రూ ఉంటుంది. అది తీసి, లోపల కనిపించే నాలుకను మెల్లగా లాగితే డిస్క్ వస్తుంది. దానికి రెండు పక్కలా నల్లటి రబ్బరు పట్టీలు తొడిగి ఉంటాయి. వాటిని ఊడదీసి కొత్తదానికి తొడగడం మరిచిపోకండి. అవి లేకపోతే ఎస్‌ఎస్‌డీ గదిలో వదులుగా ఊగుతుంది, కనెక్టర్ పట్టు తప్పుతుంది. బాగుచేయించడానికి నా దగ్గరికి వచ్చిన ఒక యంత్రంలో ‘అప్పుడప్పుడు ఆగిపోతోంది’ అన్న ఫిర్యాదుకు ఈ రెండు పట్టీలు లేకపోవడమే కారణం.

ఇక ర్యామ్. 16 జీబీ మీకు అక్కర్లేదు. తెలుగు టైపింగ్, చదువు, వీడియో పాఠాలు ఇవన్నీ 8 జీబీలో హాయిగా నడుస్తాయి. ముందు కింది మూత తీసి, ఉన్న 4 జీబీ ఒకే పలకగా ఉందా, రెండు 2 జీబీలుగా ఉందా చూడండి. ఒకే పలక ఉంటే మరో 4 జీబీ పక్కన పెడితే సరిపోతుంది, రెండు 2 జీబీలైతే రెండూ తీసి రెండు 4 జీబీలు పెట్టాలి. రెండు చోట్లూ నిండితే ప్రాసెసర్ రెండు దారుల్లోనూ ఒకేసారి మెమరీని అందుకుంటుంది, దీనిలో విడిగా గ్రాఫిక్స్ మెమరీ లేదు కాబట్టి తెర మీద కదలికలకు కూడా మేలు. లేబుల్ మీద పీసీ3 లేదా పీసీ3ఎల్ అని ఉండాలి. పీసీ4 అని ఉంటే అది తర్వాతి తరం ర్యామ్ డీడీఆర్4, దాని గాటు వేరే చోట ఉంటుంది, బలవంతంగా నొక్కితే సాకెట్ విరుగుతుంది. ఎప్పుడైనా 8 జీబీ పలక కొనాల్సి వస్తే మాత్రం దాన్ని చేతిలోకి తీసుకుని నల్లటి చిప్‌లు లెక్కపెట్టండి. రెండు వైపులా కలిపి పదహారు ఉంటే తీసుకోండి, ఎనిమిదే ఉంటే వద్దు. ఒక్కో చిప్‌లో అంత ఎక్కువ మెమరీ ఉంటే ఈ తరం ఇంటెల్ ప్రాసెసర్లు దాన్ని గుర్తించవు. తెర నల్లగానే ఉండిపోతుంది, మీరేమో లాప్‌టాప్ పాడైందని భయపడతారు. పలకను పెట్టేటప్పుడు ఏటవాలుగా, బంగారు రంగు గీతలు దాదాపు కనిపించకుండా పోయేదాకా లోపలికి నెట్టి, తర్వాత కిందికి వంచండి. రెండు పక్కలా కొక్కేలు టక్కుమని పట్టుకోవాలి. శబ్దం రాకపోతే అది సరిగ్గా కూర్చోలేదని అర్థం.

ఎక్కడ కొనాలంటే, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటారు. ప్యారడైజ్ మెట్రో స్టేషన్‌లో దిగితే దగ్గరే. ఒకే దుకాణంలో అన్నీ కొనేయకుండా మూడు నాలుగు చోట్ల ధర అడగండి, బిల్లు తీసుకోండి. పాతవి కొనవచ్చా అన్నది అక్కడ మీకు వెంటనే ఎదురయ్యే ప్రశ్న. ర్యామ్ పాతదైనా ఫరవాలేదు. అందులో అరిగేది ఏమీ లేదు. తెచ్చాక ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ అనే ప్రోగ్రామ్‌ను ఒక రాత్రంతా నడిపి, ఒక్క తప్పు వచ్చినా తిరిగి ఇచ్చేయండి. ఈ షరతు కొనేటప్పుడే మాట్లాడుకోండి. ఎస్‌ఎస్‌డీ పాతది కొనకండి. దానిలో ప్రతి రాతకూ ఆయుష్షు తగ్గుతుంది, ముందు యజమాని ఎంత వాడాడో మీకు తెలియదు. బ్యాటరీ పాతది అసలే వద్దు. ఛార్జర్ కూడా మార్చాల్సి వస్తే గుండ్రటి పిన్ను ఉన్న 20 వోల్టులది, 65 వాట్లది అడగండి. పసుపు రంగు దీర్ఘచతురస్రపు పిన్ను తర్వాతి మోడళ్లది.

ఇప్పుడు విప్పే సంగతి. చాలా ఏళ్ల కిందట మా మేనల్లుడి లాప్‌టాప్ విప్పి, స్క్రూలన్నీ ఒకే గిన్నెలో వేశాను. బిగించేటప్పుడు పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడవుది పడింది. తిరగనంటున్నా బలం పెట్టి తిప్పాను. దాని మొన బోర్డులోకి దిగి ఒక సన్నటి రాగి గీతను తెంపేసింది. వాడి ఇంటర్ పరీక్షల ముందు జరిగిన ఆ నష్టం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. అప్పటినుంచి ఇంట్లో ఒక పాత ఇడ్లీ రేకును ఈ పనికే కేటాయించాను. మొదటి గుంటలో ర్యామ్ మూత స్క్రూలు, రెండో గుంటలో కీబోర్డువి, మూడో గుంటలో అరచేతులు ఆనించే పలకవి. విప్పిన వరుసకు వెనక నుంచి బిగించుకుంటూ వస్తే గుంటలు ఒక్కొక్కటే ఖాళీ అవుతాయి. చివర్లో ఒక్క స్క్రూ మిగిలినా ఎక్కడిదో ఇట్టే తెలుస్తుంది. మీ యంత్రం అడుగున స్క్రూల పక్కన చిన్న బొమ్మలు కూడా అచ్చువేసి ఉంటాయి, కీబోర్డు పట్టే స్క్రూ ఏదో, పలక పట్టేది ఏదో అవి చెబుతాయి. స్క్రూడ్రైవర్ మాత్రం మంచిది కొనండి. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. మొన అరిగిన చవక స్క్రూడ్రైవర్ స్క్రూ తలను చెక్కేస్తుంది, ఆ తర్వాత దాన్ని తీయడం నరకం.

వీడియోలు చూడండి గాని, వాటికన్నా ముందు లెనోవో ఇచ్చే హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ దించుకోండి. ఉచితం. ఏ భాగం తీయడానికి ముందు ఏవి తీయాలో, ఏ స్క్రూ ఎంత పొడవో పట్టికలతో ఉంటుంది. ఛార్జర్ ఊడదీసి, బ్యాటరీ తీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకున్నాకే పని మొదలుపెట్టండి. మన ఎండాకాలం పొడి గాలిలో ఒంటికి స్థిర విద్యుత్తు పడుతుంది. కాబట్టి నూలు బట్టలు వేసుకోండి, బోర్డును ముట్టుకునే ముందు ఇనుప కిటికీ చువ్వనో కొళాయినో ఒకసారి తాకండి. కీబోర్డు తీసేటప్పుడు, స్క్రూలు తీశాక దాన్ని తెర వైపు కొద్దిగా నెడితే ముందు అంచు వదులవుతుంది. ఆత్రంగా పైకి లాగకండి, కింద తీగ ఉంటుంది. దాని కనెక్టర్‌ను గోటితో నిటారుగా పైకి లేపాలి.

వేడి విషయంలో ముందు దుమ్మును వదిలించండి. హైదరాబాద్‌లో రోడ్డు పక్క గదిలో కొన్నేళ్లు నడిచిన యంత్రంలో ఫ్యానుకు, రాగి రెక్కలకు మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుంటుంది. చూస్తే దూది పింజలా ఉంటుంది. గాలి బయటకు పోయే దారి మూసుకుపోయాక ఫ్యాను ఎంత అరిచినా లాభం లేదు. కీబోర్డు తీశాక మెత్తటి బ్రష్షుతోనూ, రబ్బరు ఊదుడు బుడ్డితోనూ శుభ్రం చేయండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే వేగంగా తిరిగి దాని ఇరుసు దెబ్బతింటుంది. దీంతోనే సగం వేడి తగ్గవచ్చు. తగ్గకపోతే ప్రాసెసర్ వేడిని రాగికి అందించే పాత థర్మల్ పేస్ట్ ఎండి పెళుసుబారి ఉండవచ్చు. దాన్ని మార్చాలంటే కీబోర్డు తీస్తే చాలదు, యంత్రం చాలా లోతుగా విప్పాలి. మొదటిసారికి అది మీ ఒక్కరి పని కాదు. సీటీసీలో మీ కళ్ల ముందే చేసే మెకానిక్ దగ్గర కూర్చుని చేయించుకోండి. ప్రతి మెట్టూ చూడనిస్తానంటేనే ఇవ్వండి. రెండేళ్ల తర్వాత మళ్లీ అవసరమైనప్పుడు మీరే చేయగలరు. అక్కడున్నప్పుడే లోపలి సీఆర్2032 బిళ్ల బ్యాటరీ కూడా మార్పించండి. తేదీ, సమయం తప్పిపోతుంటే దానికి కారణం అదే.

పెద్ద బ్యాటరీ దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. విండోస్‌లోనే బ్యాటరీ నివేదిక తీసే సదుపాయం ఉంది. తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండుగా ఎక్కుతున్న సామర్థ్యం అందులో పక్కపక్కనే ఉంటాయి. ఆరు సెల్‌ల బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు 63 వాట్-అవర్లు. మీది ఇరవై నిమిషాలంటే అందులో చాలా కొద్దిగా మిగిలి ఉంటుంది. ఈ మోడల్‌లో ఒక చిక్కు ఉంది. లోపలి నియంత్రణ చిప్ బ్యాటరీ అసలుదో కాదో పరీక్షిస్తుంది. గుర్తింపు దొరకని నకలు పెడితే హెచ్చరిక చూపించి, ఛార్జ్ చేయడం మానేస్తుంది. కాబట్టి దుకాణంలోనే పెట్టి, ఛార్జర్ తగిలించి, శాతం పెరుగుతోందో లేదో కళ్లారా చూసి కొనండి. పాత బ్యాటరీ పగలగొట్టి లోపలి సెల్‌లు మార్చే వీడియోలు మీ కంటపడి ఉంటాయి. ఆ పని చేయకండి అమ్మా. లిథియం సెల్ షార్ట్ అయితే వచ్చే మంట నీళ్లు చల్లినా తేలికగా ఆరదు. హాస్టల్ గదిలో మీతో పాటు ఇంకెందరో నిద్రపోతుంటారు. ఎస్‌ఎస్‌డీ, ర్యామ్‌ల తర్వాత డబ్బు మిగలకపోతే బ్యాటరీని వచ్చే నెలకు వాయిదా వేసి, అప్పటిదాకా ప్లగ్ దగ్గరే కూర్చోండి. కరెంటు పోతే రాసింది పోకుండా ఫైలు తనంతట తాను సేవ్ అయ్యే అమరిక ఇవాళే పెట్టుకోండి.

తెర మార్చాలన్న కోరిక నాకు అర్థమవుతుంది. మామూలు ప్యానెల్‌లో కొద్దిగా పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి, గంటల తరబడి తెలుగు అక్షరాలు చదివేవారికి అది నిజమైన ఇబ్బంది. ఇదే మోడల్‌కు అదే 1366 × 768 కొలతలో, పక్కనుంచి చూసినా రంగులు అంతగా వెలవని ఐపీఎస్ రకం ప్యానెల్ కూడా కంపెనీ అమ్మింది. అది దొరికితే పాత తీగకే తగులుతుంది, వెనక్కి తీసుకోగలిగిన పనే. నివేదిక ఇచ్చేశాక చేయండి. ఫుల్ హెచ్‌డీ తెర మాత్రం వేరే కథ. దానికి ఒక అదనపు బోర్డు పెట్టి మదర్‌బోర్డు మీద సన్నటి టంకాలు వేయాలి.

ఏడు వరుసల కీబోర్డు మీద మీకున్న మోజు నాకూ ఉంది, ఆ మీటలు వేళ్లకు ఎంతో హాయిగా ఉంటాయి. కానీ అంచు చెక్కాలి, కనెక్టర్‌లో ఒక చోట టేపు వేయాలి, అన్నిటికన్నా ముఖ్యంగా నియంత్రణ చిప్‌లోని ప్రోగ్రామ్‌ను మార్చి రాయాలి. రాస్తున్న మధ్యలో కరెంటు పోతే, మీ బ్యాటరీ ఆదుకునే స్థితిలో లేదు, యంత్రం మళ్లీ లేవకపోవచ్చు. వైఫై కార్డుదీ ఇదే గోల. కంపెనీ అనుమతించిన జాబితాలో లేని కార్డు పెడితే 1802 అనే దోష సంఖ్య చూపించి అక్కడే నిలబడిపోతుంది. వేగం చాలకపోతే యూఎస్‌బీ వైఫై ముక్క ఒకటి తగిలించుకోండి.

ఇంకొక్క విషయం మీరు అడగలేదు గాని చెప్పాలి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 నియమాల ప్రకారం మీ మూడో తరం ప్రాసెసర్ అర్హమైనది కాదు. కొత్త ఎస్‌ఎస్‌డీ మీద, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకోమని నా సలహా. యూనికోడ్‌లో తెలుగు టైపింగ్ అందులో ఇబ్బంది లేకుండా నడుస్తుంది. మీ విభాగంలో గాని, ప్రెస్సులో గాని యూనికోడ్ కాని అను ఫాంట్లలోనే ఫైలు ఇమ్మంటే మాత్రం విండోస్ కావాలి. వేయడానికి ముందే మీ గైడును ఆ సంగతి అడిగి తెలుసుకోండి.

మీ నాన్నగారి మాటలోనూ న్యాయం ఉంది. దీని ప్రాసెసర్ బోర్డుకే అతికి ఉంటుంది, మార్చలేరు. రేపు వీడియో ఎడిటింగ్ చేస్తానంటే ఇది సరిపోదు. కానీ ఇప్పుడున్న స్థితిలో అమ్మితే దానికి పెద్ద ధర రాదు. మీరు కొనే ఎస్‌ఎస్‌డీ మాత్రం రేపు దీన్ని వదిలేసినా మీ దగ్గరే ఉంటుంది, యూఎస్‌బీ పెట్టెలో పెట్టుకుంటే బయటి డిస్క్‌గా పనికొస్తుంది. ఆయనకు ఈ లెక్క చెప్పండి. వీలైతే మొదటి స్క్రూ విప్పేటప్పుడు ఆయన్ను పక్కనే కూర్చోబెట్టుకుని టార్చి పట్టమనండి.

అన్నీ బిగించి ఆన్ చేశాక తెర కొన్ని సెకన్లు నల్లగా ఉంటే కంగారు పడకండి, కొత్త ర్యామ్‌ను మొదటిసారి లెక్కపెట్టుకునేటప్పుడు కొద్దిగా ఆలస్యం మామూలే. నిమిషం దాటినా రాకపోతే ఆపి, బ్యాటరీ తీసి, ర్యామ్ పలకలు మళ్లీ కూర్చోబెట్టండి. అప్పటికీ రాకపోతే ఒక్క పలకతోనే ప్రయత్నించండి. పాత హార్డ్ డిస్క్‌ను అప్పుడే తుడిచేయకండి. మీ ఫైళ్లన్నీ కొత్తదాంట్లోకి వచ్చి, ఒక నెల ఏ ఇబ్బందీ లేకుండా నడిచేదాకా దాన్ని గుడ్డలో చుట్టి పెట్టెలో భద్రంగా ఉంచండి.